కంబర్లాండ్ దీవిలో క్యాంపింగ్: పడవ ఎక్కకముందే అయిపోవాల్సిన పనులు

జార్జియా రాష్ట్రం దక్షిణపు కొసన, ఫ్లోరిడా సరిహద్దుకు ఎదురుగా, 17 మైళ్ళకు పైగా పొడవున సన్నగా పరుచుకున్న దీవి కంబర్లాండ్. ఒక పక్క అట్లాంటిక్ సముద్రం, రెండో పక్క ఉప్పునీటి పర్ర. మన శ్రీహరికోటదీ ఇదే జాతి: పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా నిలబడ్డ ఇసుక దీవి. శ్రీహరికోటకి రోడ్డుంది, కంబర్లాండ్‌కి వంతెన కూడా లేదు. 1972లో నేషనల్ సీషోర్‌గా, అంటే కేంద్ర ప్రభుత్వం కాపాడే తీరప్రాంతంగా ప్రకటించారు. 1982లో ఉత్తర భాగంలో చాలామటుకు వైల్డర్‌నెస్ (అడవిని అడవిలాగే ఉంచాలని చట్టం కాపాడే ప్రాంతం) కింద చేర్చారు. రోజుకి సుమారు 300 మంది సందర్శకులకు మించి రానివ్వకూడదన్నది అక్కడి నియమం. ఖాళీ బీచ్ మీద మీ అడుగులు మాత్రమే కనిపిస్తున్నాయంటే కారణం అదే.

దీవిలో దుకాణం లేదు, చెత్తకుండీ లేదు, క్యాంపుల్లో కరెంటు లేదు. అట్లాంటా, జాక్సన్‌విల్, షార్లెట్ నుంచి వెళ్ళే మనవాళ్ళలో ఎక్కువమంది చేసే పొరపాటు దీన్ని మామూలు స్టేట్ పార్కులా అనుకోవడం. అక్కడైతే లైటర్ మర్చిపోయినా పది నిమిషాల్లో వాల్‌మార్ట్ దొరుకుతుంది. ఇక్కడ మర్చిపోయింది మర్చిపోయినట్టే. అందుకే ఇందులో సగానికి పైగా ఇంటి దగ్గర చేయాల్సిన పనుల గురించే ఉంది.

రెండు బుకింగులు, ఒకదానికొకటి సంబంధం లేనివి

క్యాంప్ సైటు రిక్రియేషన్ డాట్ గవ్‌లో బుక్ చేయాలి. ఆరు నెలల ముందు తెరుస్తారు. పడవ సీట్లు దాన్ని నడిపే కాంట్రాక్టు సంస్థ దగ్గర విడిగా కొనాలి. ఒకటి చేస్తే రెండోది దానంతట అది రాదు. సైటు దొరికింది కదా అని పడవ సంగతి నెల తర్వాత చూద్దామనుకునేవాళ్ళు మార్చి, ఏప్రిల్ వారాంతాల్లో చిక్కుకుపోతారు. చేతిలో సైటుంటుంది, దీవికి చేరే దారి ఉండదు. ముందు సైటు ఖాయం చేసుకుని, అదే పూట కూర్చుని రానూ పోనూ పడవ టికెట్లు కూడా తీసేయండి.

ప్రవేశ రుసుము కారుకి కాదు, తలకి. 16 ఏళ్ళు నిండినవాళ్ళకే. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే దాని యజమానికీ వెంట ఉన్న మరో ముగ్గురు పెద్దలకీ ఆ రుసుము ఉండదు. పడవకీ సైటుకీ మాత్రం పాస్ పనికిరాదు.

ఇంకో రెండు సంగతులు చూసుకోవాలి. చలికాలంలో వారంలో కొన్ని రోజులు పడవ నడవదు. అక్టోబరు నుంచి జనవరి వరకు పార్కువాళ్ళు కొన్ని తేదీల్లో అనుమతితో వేట పెడతారు, ఆ రోజుల్లో దీవిలో కొన్ని భాగాలు మూసేస్తారు. తేదీలు పార్కు వెబ్‌సైట్‌లో ఉంటాయి. సైటు బుక్ చేయకముందే చూడండి.

పెంపుడు కుక్కల్ని పడవలో ఎక్కనివ్వరు. కుక్కని చూసుకునే మనిషిని ముందే మాట్లాడుకోండి.

ఏ క్యాంపు

అయిదు చోట్ల డేరా వేసుకోవచ్చు. పడవ దిగే సీ క్యాంప్ రేవు నుంచి దూరాన్ని బట్టే అన్నీ మారిపోతాయి.

సీ క్యాంప్ అర మైలు దూరం కూడా ఉండదు. లైవ్ ఓక్ చెట్ల గుబురు కింద సైట్లు, ఫ్లష్ టాయిలెట్లు, చన్నీళ్ళ షవర్లు, తాగే నీళ్ళ కుళాయి. ప్రతి సైటుకీ బల్ల, మంట రింగు, తిండి దాచుకునే జాలీ పెట్టె ఉంటాయి. ఒక సైటులో ఆరుగురికి మించకూడదు. గుంపులకి రెండు పెద్ద సైట్లు విడిగా ఉన్నాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు వేరే ఆలోచన పెట్టుకోకుండా ఇక్కడే దిగాలి.

స్టాఫర్డ్ బీచ్ మూడున్నర మైళ్ళు. టాయిలెట్లు, చన్నీళ్ళ షవర్లు ఉన్నాయి, కానీ కుళాయి నీళ్ళు శుద్ధి చేసుకోకుండా తాగకూడదు. మంట వేసుకోవచ్చు. జనం బాగా తక్కువ. బ్యాక్‌ప్యాక్ మోయడం అలవాటున్న నలుగురు స్నేహితులకి దీవి మొత్తం మీద ఇంతకంటే మంచి చోటు లేదు.

ఆపైన వైల్డర్‌నెస్: హికరీ హిల్ అయిదున్నర మైళ్ళు, యాంకీ పారడైజ్ ఏడున్నర, బ్రిక్‌హిల్ బ్లఫ్ పదిన్నర. టాయిలెట్ లేదు, మంట వేయకూడదు, స్టవ్ మీదే వంట, బావి నీళ్ళు శుద్ధి చేసుకుని తాగాలి. బ్రిక్‌హిల్‌కి వెళ్తే మొదటి రోజు నడకకే సరిపోతుంది. మూడు రాత్రులు లేకపోతే దాని జోలికి పోకండి.

ఒక్క రాత్రికి రావడం శ్రమ దండగ. మొదటి రోజు డేరా వేసేసరికి మధ్యాహ్నమైపోతుంది, రెండో రోజు పొద్దున్నే డేరా పీకడం మొదలవుతుంది. రెండు రాత్రులుంటే మధ్యలో ఒక పూర్తి రోజు చేతికొస్తుంది. ఒకేచోట గరిష్ఠంగా ఏడు రాత్రులు ఉండనిస్తారు.

ఎప్పుడు

అక్టోబరు నెలాఖరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా, మళ్ళీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. మెమోరియల్ డే, జులై 4 సెలవులు కలిసొచ్చాయి కదా అని వేసవిలో వెళ్ళకండి. ఎండ సంగతి మన కోస్తావాళ్ళకి కొత్త కాదు, భరించవచ్చు. రాత్రి కూడా దిగని ఉక్క, దానికి తోడు దోమలు, డేరాలో ఫ్యాన్ లేకపోవడం, ఈ మూడూ కలిస్తేనే కష్టం. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం కూడా. తుపాను హెచ్చరిక వస్తే దీవి ఖాళీ చేయిస్తారు, పడవ ఆగిపోతుంది. ఆ నెలల్లో వెళ్తే సోమవారం ఆఫీసులో ముఖ్యమైన మీటింగ్ పెట్టుకోవద్దు.

సామాను: ఒక్క విడతలో మోయగలిగినంతే

పడవలోకి సామాను మీరే ఎక్కించాలి, మీరే దించాలి. సీ క్యాంప్ రేవు దగ్గర తోపుడు బళ్ళు ఉంటాయి, ముందొచ్చినవాళ్ళకి ముందు. చక్రాల సూట్‌కేసులు తేవద్దు. ఆ చిన్న చక్రాలు ఇసుకదారిలో కూరుకుపోతాయి, చివరికి సూట్‌కేసు చేత్తో మోయాల్సొస్తుంది. డఫెల్ బ్యాగులు, భుజాన తగిలించుకునే సంచులు, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలు మేలు. స్టాఫర్డ్‌కి వెళ్ళేవాళ్ళకి బండి లేదు. మనిషికి 12 నుంచి 14 కిలోలు దాటితే రెండో మైలు నుంచి భుజాలు గుర్తు చేస్తాయి.

డేరా విషయంలో రెండు చూసుకోండి. ఒకటి, మేకులు. డేరాతో పాటు వచ్చే 15 సెంటీమీటర్ల సన్నటి మేకులు ఇక్కడి ఇసుకనేలలో పట్టవు. గాలి ఒక్క ఊపు ఊపితే పైకి లేస్తాయి. 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, వెడల్పాటి రేకులాంటి ఇసుక మేకులు ఎనిమిది కొనుక్కోండి. అవి లేకపోతే నాలుగు మూలలకీ నాలుగు గుడ్డసంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, అడుగు లోతున పాతేయండి. మేకుకన్నా ఇదే గట్టిగా నిలుస్తుంది. రెండు, జాలీ. పాత డేరాల్లో దోమలు రాని జాలీ ఉంటుంది కానీ కంటికి ఆనని ఈగలు అందులోంచి దూరిపోతాయి. 'నో-సీ-అమ్ మెష్' అని రాసి ఉన్న డేరా కావాలి.

డేరా వేసేముందు ఒకసారి తలెత్తి చూడండి. లైవ్ ఓక్ కొమ్మలు బరువైనవి. ఎండిపోయి వేలాడుతున్న కొమ్మ కింద పడుకోకూడదు. ఆ చెట్ల నుంచి జడల్లా వేలాడే బూడిదరంగు స్పానిష్ మాస్ అందంగా ఉంటుందని కింద రాలినదాన్ని పోగేసి దిండు చేసుకుంటారు కొందరు. నేలమీది మాస్‌లో చిగ్గర్లనే కంటికి కనపడని కుట్టే పురుగులు కాపురముంటాయి, ముట్టుకోకండి.

పదే పదే మర్చిపోయే వస్తువుల పేర్లు మాత్రం రాస్తాను: మనిషికో తలకి పెట్టుకునే లైటు, దానికి అదనపు బ్యాటరీలు, ఫోనుకి పవర్ బ్యాంకు, రెండు లైటర్లు, వానకి పైన కట్టే టార్పాలిన్, 15 మీటర్ల తాడు, పట్టకారు, రోజూ వేసుకునే మందులు అదనంగా రెండు రోజులవి, దట్టమైన చెత్తసంచులు నాలుగు. ఫోన్ సిగ్నల్ ఒకచోట వస్తుంది, ఇంకోచోట రాదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఇంకో మ్యాపు కాగితం మీదా ఉంచుకోండి. డ్రోన్ ఇంట్లోనే పెట్టి రండి. నేషనల్ పార్కులన్నిటిలోనూ నిషేధమే.

తిండి, గ్యాసు, నీళ్ళు

క్యాంపింగ్ పుస్తకాల్లో చెప్పే ఎండబెట్టిన కూరల పొట్లాలు కొనక్కర్లేదు. ఫ్రిజ్ లేకుండా నిలవుండే వంట మనకి తాతలనాటి నుంచీ తెలుసు. నలుగురికి రెండు రాత్రుల లెక్క ఇలా వేసుకోవచ్చు.

మొదటి రోజు మధ్యాహ్నానికి పులిహోర. 600 గ్రాముల బియ్యం పొడిపొడిగా వండి, పూర్తిగా చల్లారాక చింతపండు పులుసు కాస్త ఎక్కువే వేసి కలపండి. కొబ్బరి, ఉల్లిపాయ వద్దు. వేడిగా ఉండగానే డబ్బాలో మూత పెడితే లోపల చెమర్చి, మధ్యాహ్నానికే జిగురొస్తుంది. పులుపు కొంత కాపాడుతుందన్నది నిజమే, అయినా ఆ పూటకే తినేయాలి, రెండో రోజుకి ఉంచకూడదు.

ఆ రాత్రికి కిచిడీ: 400 గ్రాముల బియ్యం, 200 గ్రాముల వేయించిన పెసరపప్పు. పోపు సామాను ఇంట్లోనే వేయించి పొట్లం కట్టుకోండి. వండేముందు అరగంట నానబెడితే గ్యాసు కొంత మిగులుతుంది. రెండో రోజు పొద్దున ఉప్మాకి 400 గ్రాముల రవ్వ ఇంట్లో పోపుతో సహా వేయించి జిప్ సంచిలో పోసుకోండి. అక్కడ లీటరుంబావు నీళ్ళు మరిగించి పోయడమే. మధ్యాహ్నం బీచ్ మీదకి చపాతీలు, కందిపొడి, ఆవకాయ. రాత్రికి సేమ్యా లేదా నూడుల్స్. మూడో రోజు పొద్దున అటుకులు. జంతికలు, చెక్కలు, సున్నుండలు ఎన్ని తెచ్చుకున్నా మిగలవు.

గ్యాసు లెక్క చాలామంది తప్పుతారు. గాలి తగలకుండా రేకు అడ్డం పెట్టుకుంటే లీటరు నీళ్ళు మరగడానికి చిన్న స్టవ్ 12 నుంచి 15 గ్రాముల గ్యాసు తింటుంది. పైన చెప్పిన వంటకీ నలుగురి టీలకీ కలిపి 200 గ్రాములు సులువుగా దాటుతుంది. 230 గ్రాముల డబ్బా ఒకటే తీసుకెళ్తే మూడో రోజు టీ ఉండదు. రెండు తీసుకోండి. జాక్సన్‌విల్‌కి విమానంలో వచ్చేవాళ్ళు గ్యాసు డబ్బాల్ని ఏ సామానులోనూ పెట్టకూడదు, దిగాకే కొనుక్కోవాలి. పడవలో ఇంధనం విషయంలో నియమాలేమిటో టికెట్ కొనేటప్పుడే అడిగేయండి.

ఐసు ముక్కలు ఒక రోజులో నీళ్ళైపోతాయి. రెండు లీటర్ల నీళ్ళ సీసాలు నాలుగు ఇంట్లోనే గడ్డకట్టించి కూలర్ అడుగున పేర్చండి. పెరుగు, పాలు రెండో రోజు దాకా చల్లగా ఉంటాయి. గడ్డ కరిగాక తాగేది కూడా ఆ నీళ్ళే.

నీళ్ళు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. సీ క్యాంప్‌లో కుళాయి ఉంది కాబట్టి మడిచి పెట్టుకునే పది లీటర్ల సంచి ఒకటుంటే చాలు. స్టాఫర్డ్‌లోనూ వైల్డర్‌నెస్‌లోనూ ఫిల్టర్ కావాలి, లేదా ఒక నిమిషం తెర్లేలా మరిగించాలి. భూమిలోంచి వచ్చే ఆ నీళ్ళకి గంధకం వాసన ఉంటుంది, కుళ్ళిన కోడిగుడ్డులా. ఫిల్టర్ సూక్ష్మజీవుల్ని ఆపుతుంది, ఆ వాసనని ఆపదు. కాసేపు మూత తీసి ఉంచి, నిమ్మకాయ పిండుకుంటే తాగబుద్ధవుతుంది. పర్ర పక్కనున్న నీళ్ళు మాత్రం ఏ ఫిల్టర్ పెట్టినా తాగకండి. ఉప్పు ఫిల్టర్‌లో ఆగదు.

రకూన్లు

దీవిలో పాములకీ మొసళ్ళకీ భయపడతారుగానీ, నిజంగా నష్టపెట్టేది రకూను. పిల్లికన్నా కాస్త పెద్ద జంతువు, మనిషి చేతుల్లాంటి చేతులు. జిప్పులు తీస్తుంది, డబ్బా మూతలు ఊడబెరుకుతుంది. వేరుశనగపప్పు ఉన్న పులిహోర వాసన దానికి ఆహ్వాన పత్రికే. తిండి ఒక్కటే కాదు, వాసన వచ్చేదేదైనా జాలీ పెట్టెలో పెట్టి గొళ్ళెం వేయాలి: టూత్‌పేస్టు, సబ్బు, చెత్తసంచి, చంటిపిల్లల పాల సీసా. పెట్టెలో పట్టని కూలర్‌కి బిగించే పట్టీ రెండు వరసలు చుట్టండి. సాగే రబ్బరు తాడుతో అయితే అది సందు చేసుకుని చెయ్యి పెడుతుంది. డేరాలో ఒక్క బిస్కెట్టు కూడా ఉంచకూడదు. వాసన వస్తే జిప్పు వెతికే ఓపిక కూడా పట్టదు, జాలీ చింపేస్తుంది. పిల్లల జేబులు పడుకునేముందు వెతకండి.

వైల్డర్‌నెస్‌లో పెట్టెల మీద ఆశ పెట్టుకోవద్దు. తిండి సంచిని కొమ్మకి, నేలకి మూడు మీటర్ల పైన, మానుకి మీటరు పైగా దూరంలో వేలాడదీయండి. ఆ 15 మీటర్ల తాడు అందుకే.

కుట్టేవీ కరిచేవీ

నాలుగు రకాలు, నాలుగింటికీ ఒకే మందు పనిచేయదు.

పిడుదులు, అక్కడివాళ్ళు టిక్స్ అనేవి, గడ్డి అంచుల నుంచి బట్టల మీదకి ఎక్కుతాయి. వీటికి పెర్మెత్రిన్ 0.5 శాతం స్ప్రే. ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఆరుబయట, బూట్లకీ మేజోళ్ళకీ ప్యాంట్లకీ తడిసేలా కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. బట్టలకే, ఒంటికి కాదు. ఇంట్లో పిల్లి ఉంటే ఆరేదాకా దాన్ని దగ్గరికి రానివ్వకండి, తడి మందు పిల్లులకి విషం. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోండి, చూడ్డానికి వింతగా ఉన్నా సరే. రాత్రి పడుకునేముందు చంకలు, మోకాళ్ళ వెనక, పిల్లల చెవుల వెనక, జుట్టు మొదళ్ళు తడిమి చూడాలి. కరిచి పట్టుకుంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిటారుగా లాగండి. అగ్గిపుల్లతో కాల్చడం, నూనె పోయడం వద్దు.

చిగ్గర్లు నేలమీది ఆకుల్లో, మాస్‌లో, పడిపోయిన దుంగల మీద ఉంటాయి. కంటికి కనపడవు. చీలమండల చుట్టూ, నడుము పట్టీ దగ్గర మరునాడు దద్దుర్లు లేస్తాయి. నేలమీద కూర్చోవాలంటే చాప పరుచుకోండి. నడిచొచ్చాక గంటలోపు సబ్బుతో గట్టిగా రుద్ది స్నానం చేస్తే చాలావరకు పోతాయి. చన్నీళ్ళైనా ఆ స్నానం మానకండి.

కంటికి ఆనని ఈగలు, నో-సీ-అమ్స్, గాలి ఆగిపోయిన తెల్లవారుజామునా సాయంత్రాలూ పర్ర వైపు నుంచి వస్తాయి. గాలి వీచే బీచ్ మీద ఉండవు. కాబట్టి ఆ వేళలు బీచ్ మీద గడిపితే సగం బాధ తప్పుతుంది. వీటికీ దోమలకీ 20 శాతం పికారిడిన్ గానీ 25 నుంచి 30 శాతం డీట్ గానీ చర్మానికి రాసుకోవాలి. డీట్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. కళ్ళజోడు అంచులు, గడియారం పట్టీ, రెయిన్‌కోటు జాగ్రత్త. సన్‌స్క్రీన్ ముందు, అది ఇంకాక దోమల మందు.

రాటిల్ పాములు ఉన్నాయి, శిథిలాల రాళ్ళ మధ్య, పామెటో పొదల్లో. బాట వదలకుండా నడిస్తే, చీకట్లో లైటు లేకుండా టాయిలెట్‌కి బయల్దేరకుండా ఉంటే ఎదురుపడే అవకాశం తక్కువ. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి. మంచినీటి మడుగుల్లో ఆలిగేటర్లుంటాయి, గట్టుకి దూరంగా ఉండాలి.

బయల్దేరే రోజు

అట్లాంటా నుంచి సెయింట్ మేరీస్ ఊరికి అయిదారు గంటలు. ఉదయం పడవ అందుకోవాలంటే ముందు రాత్రే ఆ ఊళ్ళోనో పక్కన కింగ్స్‌ల్యాండ్‌లోనో పడుకోవడం తెలివైన పని. ఐ-95 మీద ఎగ్జిట్ 3 దగ్గర దిగి హైవే 40 పట్టుకుంటే నేరుగా రేవు దాకా వెళ్తుంది. మర్చిపోయినవి కొనడానికి ఆ దారిలోని దుకాణాలే ఆఖరి అవకాశం.

పడవ సమయానికి గంట ముందు రేవులో ఉండండి. ముందుగా సామాను రేవు దగ్గర దించి, ఆ తర్వాత కారు పార్క్ చేసి రండి. ఆలస్యంగా వస్తే సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారు. ప్రయాణం ముప్పావుగంట.

పడవ దీవిలో రెండు రేవుల దగ్గర ఆగుతుంది, డంజెనెస్, సీ క్యాంప్. క్యాంప్ చేసేవాళ్ళు దిగాల్సింది సీ క్యాంప్‌లో. డంజెనెస్ దగ్గర జనం లేచారని మీరూ లేవకండి. దిగాక రేంజర్ క్యాంపు నియమాలు వివరిస్తారు, అది విన్నాకే సైటుకి. ఇంటిల్లిపాదీ అది వినేలోపు ఒకరు వెళ్ళి బండి పట్టుకోవడం మంచిది.

సైటుకి చేరగానే మొదట తిండి పెట్టెలోకి, తర్వాత డేరా, ఆ తర్వాతే బీచ్. ఈ వరస తప్పి బీచ్‌కి పరిగెత్తినవాళ్ళు తిరిగొచ్చేసరికి రకూన్లు భోజనం ముగించి ఉంటాయి.

సముద్రం దగ్గర

జార్జియా తీరంలో పోటుకీ ఆటుకీ రెండు మీటర్ల తేడా ఉంటుంది. అందుకే ఆటు వేళ బీచ్ మైదానంలా విశాలమవుతుంది, ఇసుక గట్టిపడుతుంది. నడకకి అదే వేళ. పోటులో మెత్తటి ఇసుకలో మైలు నడవడం మామూలు దారిలో రెండు మైళ్ళతో సమానం. స్టాఫర్డ్‌కి బీచ్ వెంట వెళ్ళాలంటే ఆటు ఎప్పుడో చూసుకుని బయల్దేరండి. పోటు ముందురోజుకన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. బీచ్ మీద ప్రతి చోటూ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి, మీరు దిగిన దారి గుర్తుని ఫోటో తీసుకోండి. క్యాంపు దాటిపోయి రెండు మైళ్ళు అదనంగా నడవడం ఇక్కడ మామూలే.

దారులున్న చోటే దిబ్బలు దాటాలి. దిబ్బల మీద ఊగే పొడవాటి గడ్డి పేరు సీ ఓట్స్. దాని వేళ్ళే ఇసుకని పట్టి ఉంచుతాయి. తొక్కితే వేళ్ళు తెగి దిబ్బ గాలికి కొట్టుకుపోతుంది. గడ్డి కంకులు కోయడం చట్టరీత్యా నేరం.

లైఫ్‌గార్డులు లేరు. అల లోపలికి లాగేస్తుంటే ఎదురీదకుండా తీరం వెంబడి పక్కకి ఈదాలి. నీళ్ళలో పాదాలు ఎత్తకుండా జరుపుతూ నడిస్తే ఇసుకలో దాగిన టేకు చేపలు (స్టింగ్ రేలు) తప్పుకుంటాయి. పిల్లలు మోకాలి లోతు దాటితే పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి. దెబ్బ తగిలితే ఆసుపత్రి పడవ ప్రయాణం అవతల ఉంది.

మే నుంచి ఆగస్టు దాకా లాగర్‌హెడ్ తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, పిల్లలు అక్టోబరు దాకా బయటికొస్తుంటాయి. తెల్ల లైటు చూస్తే తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోతుంది, పిల్లలైతే సముద్రం అనుకుని లైటు వైపు నడుస్తాయి. ఆ నెలల్లో రాత్రి బీచ్ మీద లైట్లు ఆర్పేయండి. పగలు పిల్లలు తవ్విన గుంటలు సాయంత్రానికి పూడ్చేయించండి.

గవ్వలు లోపల జీవం లేనివైతే తీసుకోవచ్చు, సొరచేప పళ్ళు కూడా. పళ్ళు బీచ్ మీదకన్నా దీవి నడిమి రోడ్ల మీద ఎక్కువ దొరుకుతాయి. పడవల కాలువలో పూడిక తీసిన మట్టిని ఆ రోడ్లకి వేశారు మరి.

మధ్య రోజు ఏం చూడాలి

ఒక్కటే చూడగలిగితే దక్షిణపు చుట్టు, సుమారు నాలుగు మైళ్ళు, తీరుబడిగా మూడు గంటలు. సీ క్యాంప్ నుంచి నది వెంట బాటలో డంజెనెస్‌కి, అక్కడ్నుంచి పర్ర మీది చెక్క వంతెన దాటి బీచ్‌కి, బీచ్ వెంట వెనక్కి. డంజెనెస్ అంటే కార్నెగీ కుటుంబం 1884లో మొదలుపెట్టిన భవనం. 1959లో కాలిపోయి గోడలు మిగిలాయి. ఆ గోడలెక్కకండి, కూలే స్థితిలో ఉన్నాయి. పక్కనే ట్యాబీతో కట్టిన పాత ఇల్లుంది. ఆల్చిప్పలు కాల్చి తీసిన సున్నంలో ఇసుక, నీళ్ళు, చిప్ప ముక్కలు కలిపి పోత పోసిన గోడలు. గుల్లసున్నం చూసినవాళ్ళకి ఆ గోడ కొత్తగా అనిపించదు.

శిథిలాల చుట్టూ గుర్రాలు మేస్తుంటాయి. ఎవరి పెంపకంలోనూ లేనివి. కనీసం 50 అడుగుల దూరం పాటించండి. ఫోటో కోసం దగ్గరికెళ్తే కరుస్తాయి, తంతాయి. తిండి పెట్టకూడదు.

ఉత్తరపు కొసకి నడిచి వెళ్ళి రావడం ఒక్క రోజులో కుదరదు. పార్కు తరఫున నడిచే వ్యాన్ టూర్ అయిదారు గంటలు పడుతుంది, ముందే బుక్ చేసుకోవాలి. 1898లో కట్టిన ప్లమ్ ఆర్చర్డ్ భవనం ఆ దారిలోనే ఉంది. కొసన ఉన్న సెటిల్‌మెంట్‌లో 1893లో నల్లజాతివారు స్థాపించుకున్న చిన్న చర్చి ఉంది. ఇప్పుడున్న కట్టడం 1930లలో తిరిగి కట్టింది. అమెరికా మాజీ అధ్యక్షుడి కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ పెళ్ళి 1996లో అక్కడే జరిగిందని జనం వెళ్తారు. చూడాల్సింది మాత్రం బానిసత్వం పోయాక ఆ మనుషులు తమకంటూ కట్టుకున్న ఊరిని.

తిరుగు ప్రయాణం

పడవకి మూడు గంటల ముందు డేరా విప్పడం మొదలుపెట్టండి. రాత్రి తేమకి తడిసిన డేరాని అలాగే చుట్టేస్తే కారు దిక్కీలోనే బూజు పడుతుంది. ఇంటికెళ్ళగానే విప్పి ఆరబెట్టండి. మంట బూడిద మీద నీళ్ళు పోసి, చేత్తో తాకి చల్లబడిందని చూసుకోండి. నిమ్మతొక్కలు, డయపర్లు, ఉల్లిపొట్టుతో సహా చెత్తంతా సంచుల్లో కట్టి మీతోపాటు సెయింట్ మేరీస్‌కి తీసుకెళ్ళాలి. వాసన రాకుండా ఒక సంచిలో ఇంకో సంచి వేయండి. పడవలో మీ పక్కన కూర్చునేవాళ్ళుంటారు.

చివరి పడవ దాటిపోతే ఇంకో పడవని సొంత ఖర్చుతో రప్పించుకోవాల్సిందే. ఆ రోజు బీచ్ మీదకి వెళ్ళేవాళ్ళంతా ఫోన్లో అలారం పెట్టుకుని వెళ్ళండి, ఒకళ్ళ ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఇంకొకళ్ళది మోగుతుంది.